వేయించినవారి పేరేది?

పట్టాలందుకున్న పిల్లలందరికీ నా అభినందనలు, ఆశీస్సులు.

ఎన్నికల విధుల్లో ఉన్న రోజుల్లో కరపత్రం చేతికొస్తే నేను ముందు చూసింది నాయకుడి ఫొటో కాదు, హామీలూ కాదు. కాగితం అడుగున చిన్న అక్షరాల వరుస: ఏ ప్రెస్సు, ఏ ఊరు, ఎవరు వేయించారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ అడిగేది అదే. వేయించేవాడు సంతకం పెట్టాలి, అతన్ని ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు చేయాలి, ఆ తర్వాతే ప్రెస్సులో అచ్చు. తప్పితే 6 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. టీవీలో రాజకీయ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ 2004లో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జెమిని టీవీ కేసులోనే.

ఇప్పుడు ప్రచారం కాగితాన్నీ టీవీనీ దాటిపోయింది. 2018లో కన్నుమూసిన తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి కరుణానిధి గారు 2024లో ఏఐ వీడియోలో మాట్లాడారు. అది ఏఐ అని చూసినవాళ్లకు తెలుసు. తెలియనివాటి సంగతే నా బెంగ. ఎన్నికల సంఘం ఊరుకోలేదు. బీహార్ ఎన్నికల ముందు, 2025 అక్టోబరులో, ఏఐతో చేసిన ప్రచార వీడియోల్లో తెరపై కనీసం 10 శాతం జాగాలో ఏఐ అని చూపాలని, బాధ్యుల పేరూ వేయాలని పార్టీలకు చెప్పింది. 2026 ఫిబ్రవరిలో ఐటీ నిబంధనలు సామాజిక మాధ్యమాలకూ లేబుల్ తప్పనిసరి చేశాయి. మంచిదే. కానీ మీ అమ్మమ్మ వాట్సాప్‌కు చేరేసరికి ఆ లేబుల్ ఉన్న భాగాన్ని ఎవడో కత్తిరించేసి ఉంటాడు. ఉన్నా, ఏఐ అన్న ముక్క డబ్బు ఎవరిచ్చారో చెప్పదు. పేరు దాచడమే నేరమనే 127ఎ కాగితం కోసం రాసింది. దాన్ని వీడియోకూ ఆడియోకూ వర్తింపజేయాలి. నా పట్టుదల అదొక్కటే.

చట్టం వచ్చేదాకా? ఈ వీడియోలు చేసేది నాయకులు కాదర్రా, మీరే! "చిన్న ఎడిటింగ్ పని సార్, పార్టీలతో నాకేం సంబంధం" అంటారు. ఎందుకు లేదు? అనని మాటను ఆ గొంతులో పెట్టింది నీ చెయ్యి కాదూ? నాలుగేళ్లు చదివించింది ఇందుకా? ఎన్నికల ఆర్డరు వస్తే, ఎవరు చేయిస్తున్నారో కాగితం మీద రాసిమ్మని అడగండి. ఆ పేరు వీడియో పొడుగునా కనిపించేలా వేయండి. రాసివ్వనన్నవాడి డబ్బు ముట్టుకోకండి.