వ్యూహము వ్రాయువా రెవరు?



బడిపంతులు ప్రొడక్టు మేనేజరులనుగూర్చి ప్రసంగించుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. నా పూర్వశిష్యుఁ డొకఁడు హైదరాబాదులో ఆ యుద్యోగము చేయుచున్నాఁడు. గడచిన వేసవిలో నతఁడు మా యింటికి వచ్చినపుడు జరిగిన సంభాషణమే యీ ప్రసంగమునకు మూలము.

ఒక వస్తువునుగాని, సెల్‌ఫోనులోని యాపునుగాని నిర్మించువారు వేఱు, అమ్మువారు వేఱు. ఇది యెవరికొఱకు, ఎందులకు, ముం దేమి చేయవలెను, ఏది మానవలెను అని నిర్ణయించువాఁడు ప్రొడక్టు మేనేజరు. ఈ యుద్యోగమునకు బీజము 1931లో అమెరికాలో పడినది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో నీల్ మెకెల్రాయ్ అనునతఁడు కేమే సబ్బు ప్రకటనలు చూచుచుండెను. ఒక్కొక్క సరకు మంచిచెడ్డలకు బాధ్యుఁడగు మనుష్యుఁ డొకఁ డుండవలెనని యతఁడు మూఁడుపుటల లేఖ వ్రాసెను. ఆయనయే 1957లో అమెరికా రక్షణమంత్రి యయ్యెను; సబ్బునుండి సైన్యమునకు!

మన శాస్త్రగ్రంథముల మొదట అనుబంధచతుష్టయ మని యొకటి కలదు. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. చెప్పఁబోవున దేమి, దాని ఫల మేమి, ఆ రెంటికిని పొత్తెట్లు, చదువఁదగినవాఁ డెవఁడు అని తేలక గ్రంథ మారంభింపరాదు. బడిలో నే నిది చెప్పినపుడు నా శిష్యుఁడు నిద్రపోయెను. ఇప్పుడు జీతము పుచ్చుకొని యదియే చేయుచున్నాఁడు.

అమెజాన్ కంపెనీలో నొక యాచారము కలదు. క్రొత్త వస్తువును నిర్మింపకముందే, అది వెలువడునాఁడు పత్రికల కీయఁబోవు ప్రకటనను వ్రాసికొందురు. ప్రయోజనమును ముందు చెప్పుట యన్నమాట. 2004లో నా కంపెనీ యధిపతి జెఫ్ బెజోస్, సభలలో తెరమీఁద ముక్కలు ముక్కలుగా విషయము చూపుటను మాన్పించి, పూర్తి వాక్యములతో వ్యాసము వ్రాసి తెమ్మనెను. అందఱును మౌనముగాఁ జదివిన పిమ్మటనే చర్చ. ఇది నాకు మిక్కిలి నచ్చినది. ముక్కలలో దాఁగిన తప్పు వాక్యములో దాఁగదు. ‘కావున’ అని వ్రాసినచోట నిజముగాఁ గార్యకారణసంబంధ మున్నదో లేదో, మొదట వ్రాయువానికే తెలియును. ఆ శ్రమయే యా వ్యాసమునకుఁ బ్రయోజనము.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడెను. అట్టి వ్యాసమును యంత్రము నేఁడు నిమిషములో వ్రాసి యిచ్చును. నా శిష్యుఁడు చూపిన ప్రణాళిక యట్టిదే. కార్డుతో డబ్బు చెల్లించు యాపునుగూర్చి వచ్చిన వేలకొలఁది ఫిర్యాదులను యంత్రమునకిచ్చి, సారాంశము తీయించి, దానినిబట్టి ప్రణాళికయు వ్రాయించెను. భాషలో దోషము లేదు. ‘కావున’లన్నియు స్వస్థానములందే యున్నవి.

“ఈ ఫిర్యాదులలో నీవు స్వయముగాఁ జదివిన వెన్ని?” అని యడిగితిని.

“సమయము లేదు మాస్టారూ” అనెను.

గద్దింపఁబోయి మానితిని. బడిలో నేను నోట్సు చెప్పి, దానినే మరల వ్రాసినవారికి హెచ్చుమార్కులు వేయుచుంటిని. వీఁడు వారిలో మొదటివాఁడు.

ఆ రాత్రి మా వరండాలోఁ గూర్చుండి యిన్నూఱు ఫిర్యాదులు చదివెను. సారాంశములో “ఓటీపీ ఆలస్యము” అని యొక పంక్తి యుండెను. దానికిఁ దగినట్లు ఓటీపీని త్వరగాఁ బంపు నేర్పాట్లకు ప్రణాళికలో నాలుగునెలలు కేటాయింపఁబడెను. ఫిర్యాదులలోని బాధ పెక్కుచోట్ల వేఱు. సంఖ్య సకాలమునకే వచ్చుచున్నది. కండ్లజోడు వెదకికొని, సంఖ్య చూచి, మరల యాపునకు వచ్చి యెక్కించునంతలో గడువు తీఱిపోవుచున్నది. మందుల దుకాణములో మూఁడుమాఱులు ప్రయత్నించి, వెనుకనున్నవారు విసిగికొనఁగా, మందు కొనకయే యింటికిఁ బోయితినని యొక వృద్ధురాలు వ్రాసినది. ఆలస్యము సంఖ్యది కాదు, చేతిది. ‘అధికారి’ యెవరో యెఱుఁగకయే గ్రంథము పూర్తియైనది.

యంత్రమును విడువుమని నేను చెప్పలేదు. సిద్ధాంతము నీవు వ్రాయుము, పూర్వపక్షము దానిచేఁ జేయింపుము అంటిని. అతఁడు మఱునాఁడు రెండుపుటలు చేతితో వ్రాసి, దీనిని ఖండింపుమని యంత్రము నడిగెను. అది పదునొకం డాక్షేపణలు చేసెను. ఏడు పొల్లు. ఒకటిమాత్రము మే మిరువురమును నిరుత్తరులమైనది: గడువు పెంచినచో మోసగాండ్రకును గడువు పెరుఁగును గదా?

బాధ్యత యంత్రముమీఁదికిఁ బోదు. ఎయిర్ కెనడావారి సంభాషణయంత్ర మొక ప్రయాణికునకుఁ దప్పు చెప్పఁగా, అది చెప్పినదానికి తాము బాధ్యులము కామని ఆ కంపెనీవారు వాదించిరి. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా న్యాయసభ యొప్పుకొనక, ప్రయాణికునకు సొమ్మిప్పించెను.

నా శిష్యుఁడు పోయినవారము ఫోను చేసెను. అక్షరములు పెద్దవిచేయుట, సంఖ్యను యాపే స్వయముగా నెక్కించుకొనుట యంగీకరింపఁబడినవఁట. నాలుగునెలల పని రద్దయ్యెను. గడువుమాట యింకను తేలలేదు. నెలకు నూఱు ఫిర్యాదులు తానే చదువుచున్నాననెను. ఎన్నినెలలు చదువునో చూడవలెను.