చుక్క పెట్టే ముందు గడప తొక్కాలి

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)



నన్ను పిలిచినప్పుడు "మ్యాపుల గురించి చెప్పండి మేడమ్, కానీ మా వాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు. ఆ రెండో మాట విని నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మ్యాపు గీయడం నేను మొదటిసారి చూసింది కాలేజీలో కాదు, మా ఊరి రామాలయం ముందు. మా అమ్మ డ్వాక్రా సంఘంలో ఉండేది. వెలుగు పథకం వచ్చిన కొత్తలో పేదల గుర్తింపు కోసం ఊరంతా కూర్చున్నారు. ముగ్గుపిండితో వీధులు గీశారు. బావి ఉన్నచోట ఒక ఇటుకముక్క, బడి ఉన్నచోట పలక పెట్టారు. ఇంటికో గుర్తు, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చింతపిక్కలు. ఒకావిడ లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుని "అందరిళ్లూ వేశారు, మా ఇల్లేదీ?" అని గట్టిగా అడిగింది. వెంటనే ఆవిడ ఇల్లు కూడా వేశారు.

ఇప్పుడు నేను కంప్యూటర్ మీద చేసే పనికి జియోస్పేషియల్ మ్యాపింగ్ అని పెద్ద పేరుంది. ఆ ముగ్గుకీ దీనికీ నాకు కనిపించే తేడా ఒక్కటే. ముగ్గులో ఇల్లు మర్చిపోతే ఆ ఇంటావిడ అక్కడే ఉండి అడుగుతుంది. కంప్యూటర్లో మర్చిపోతే అడగడానికి ఆవిడ అక్కడ ఉండదు.

వచ్చే నెల నుంచి మన యానిమేటర్లు, ఆరోగ్య ఉపసంఘం సభ్యులు ఇంటింటికీ తిరిగి అయిదేళ్ల లోపు పిల్లల సర్వే చేయబోతున్నారు. బరువు, ఎత్తు, జబ్బ చుట్టుకొలత తీస్తారు. అంగన్‌వాడీకి వెళ్తున్నారా, తాగే నీళ్లెక్కడివి, అమ్మ కూలికెళ్తే పిల్లని ఎవరు చూస్తారు అని అడుగుతారు. దాంతోపాటు ఫోన్లో ఆ ఇంటి జీపీఎస్ కూడా తీసుకుంటారు. ఈ చివరిదాని మీదే చాలామందికి అనుమానం ఉందని విన్నాను. "మా ఇల్లెక్కడుందో వీళ్లకెందుకు?" అని. అడగాల్సిన ప్రశ్నే.

ముందు ఎందుకో చెప్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ఒకటి జరుగుతుంది. 2019-21లో చేసిన అయిదో సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంటే నూరుమంది పిల్లల్లో 31 మంది. అంతకుముందు 2015-16 సర్వేలో అది 31.4. నాలుగేళ్లు దాటినా దాదాపు కదల్లేదన్నమాట. తెలంగాణలోనైతే 28 నుంచి 33 శాతానికి పెరిగింది. సరే, ఈ లెక్క మనకి తెలిసింది. తెలిసి మీ గ్రామ సంఘం ఏం చెయ్యాలి? ఆ 31 మంది ఏ వీధిలో ఉన్నారు? ఆ సర్వే ఆ మాట చెప్పలేదు. తప్పు దానిది కాదు. దేశం మొత్తం మీద కొన్ని ఊళ్లను ఎంచుకుని, ఒక్కో చోట 22 ఇళ్లు చొప్పున తీసి చేసే సర్వే అది. రాష్ట్రం సంగతి, జిల్లా సంగతి చెప్పడానికి ఆ పద్ధతి సరిపోతుంది. మీ ఊళ్లో గెడ్డకి అవతల గూడెం సంగతి చెప్పడానికి సరిపోదు. ఆ సంగతి చెప్పగలిగేది మీరే.

కాగితం మీద జాబితా రాస్తే పేర్లు వరసగా వస్తాయి. అదే మ్యాపు మీద పెడితే, బక్కగా ఉన్న పిల్లలున్న ఇళ్లు ఒకే పక్కన గుంపుగా కనిపించొచ్చు. అప్పుడు అక్కడ ఏముందని వెళ్లి చూస్తాం. ఒకే బోరు నీళ్లు తాగుతున్నారేమో, మురుగు అటే పారుతోందేమో, అంగన్‌వాడీకి దారి లేదేమో. మ్యాపు కారణం చెప్పదు, ఎక్కడికెళ్లి అడగాలో చెప్తుంది.

ఇక జీపీఎస్ ఎలా పనిచేస్తుందో. భూమికి దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. మన ఇస్రో వాళ్లు పెట్టిన నావిక్ ఉపగ్రహాలు ఇంకా పైన ఉంటాయి. కనీసం నాలుగింటి సంకేతం అందితే ఫోను తను ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది. దీనికి టవర్ అక్కర్లేదు, నెట్ బ్యాలెన్స్ అక్కర్లేదు. కొండమీద సిగ్నల్ లేని ఊళ్లో కూడా పనిచేస్తుంది. కావాల్సిందల్లా నెత్తిమీద ఖాళీ ఆకాశం. రేకుల షెడ్డు కింద, గుబురు చెట్టు కింద నిలబడితే లెక్క తప్పుతుంది. ఆ ఇంటి గడప దగ్గరే, కాస్త బయటికొచ్చి నిలబడండి. తెరమీద ఎన్ని మీటర్ల తేడా ఉందో చూపిస్తుంది. అది అయిదు మీటర్లకి దిగేదాకా ఆగండి. ఒక నిమిషం పట్టొచ్చు, ఆ నిమిషంలో మంచినీళ్లు తాగండి.

ఉపాధి హామీ పనుల దగ్గర ఫోటో తీసి ఎక్కించడం మీరు చూసే ఉంటారు. 2016 నుంచి ఆ పనుల ఫోటోలు ఇలాగే స్థలం గుర్తుతో సహా భువన్‌లోకి వెళ్తున్నాయి. భువన్ ఎక్కడో విదేశాలది కాదు, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్లది. అక్కడ చెరువు పనికి తీసింది ఇక్కడ పిల్లల కోసం తీస్తున్నాం, అంతే.

అయితే చెరువుకి సిగ్గు ఉండదు, మనిషికి ఉంటుంది. ఆ మాటకి మళ్లీ వస్తాను.

గడప దగ్గరే ఎందుకు నిలబడమంటున్నానో ఒక ముచ్చట చెప్తాను. ఒక సర్వేలో సాయంత్రం నేను మ్యాపు తెరిచాను. ఒక ఊరి చుక్కలన్నీ ఒకే చోట కుప్పగా పడ్డాయి. ఊరంతా ఒకే ఇంట్లో కాపురం ఉన్నట్టు. చూస్తే అది రచ్చబండ దగ్గర రావిచెట్టు. ఫోన్ చేస్తే ఆ అమ్మాయి "ఎండ మేడమ్, అందర్నీ అక్కడికే పిలిచి రాసేశాను" అంది. నేను ఆ అమ్మాయిని తిట్టలేదు. రోజుకి ఇన్ని ఇళ్లు పూర్తి చెయ్యాలని మోయలేనంత లెక్క పెట్టిందెవరు? మేమే. చెట్టు కిందికి వచ్చినవాళ్లు ఎలాగూ వస్తారు. రాలేని తల్లి, మంచం దిగలేని పిల్లాడు ఇంట్లోనే ఉండిపోతారు. మన సర్వే ముందు వాళ్ల కోసం. అందుకే మీ అధ్యక్షురాలితో ముందే చెప్పాను, రోజుకి ఇన్ని ఇళ్లని ఎవరికీ టార్గెట్ పెట్టొద్దని.

ఇంకో ఊళ్లో దీనికి తిరకాసు జరిగింది. ఉపగ్రహం ఫోటో మీద మా చుక్కలు పరిచి చూస్తే, ఊరి చివర సరుగుడు తోట అవతల పైకప్పులు కనిపిస్తున్నాయి, చుక్కలు మాత్రం లేవు. మా దగ్గరున్న ఇళ్ల జాబితా పాతది. రేషన్ కార్డు ఉన్నవాళ్లదే. వెళ్లి చూశాం. ఇటుకబట్టీ పనికి వేరే చోటు నుంచి వచ్చిన కుటుంబాలు. పాలు తాగే బిడ్డలున్నారు, అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఒక్క పేరూ లేదు. మాతో వచ్చిన వి.ఓ. లీడరు "రోజూ ఈ దారినే వెళ్తాను గానీ వీళ్లని మన ఊరోళ్లని ఎప్పుడూ అనుకోలేదు" అంది. నిజాయితీగా చెప్పిన మాట. ఆ పైకప్పుల్లో రెండు పశువుల పాకలు, ఒకటి కోళ్ల షెడ్డు. పైకప్పు కింద పిల్ల ఉందో గేదె ఉందో ఉపగ్రహానికి తెలీదు. అక్కడ ఏదో ఉందని అది చెప్తుంది, ఎవరున్నారో మీరు చెప్పాలి.

దూరం సంగతీ అంతే. అంగన్‌వాడీ చుట్టూ అరకిలోమీటరు గుండ్రం గీసి, లోపల పడ్డ ఇళ్లన్నిటికీ "కేంద్రం అందుబాటులో ఉంది" అని పచ్చరంగు వేశాను ఒకసారి. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఒక ముసలమ్మ ఆ కాగితం చూసి, గూడెం మీద వేలుపెట్టి, "అమ్మాయ్, నువ్వు కాకివా?" అంది. నాకు అర్థం కాలేదు. "కాకైతే ఎగిరిపోద్ది. మేం గెడ్డ దాటాల. వానలు పడితే దాటలేం. వంతెన మీంచి చుట్టూ పోవాల" అంది. నా మ్యాపులో గెడ్డ సన్నటి నీలిగీత. ఆమెకి అది వానాకాలమంతా మూసేసిన తలుపు. ఆ తర్వాత మేం తల్లులతో పాటు నడిచి, నడిచిన దారినే ఫోన్లో రికార్డు చేశాం. పచ్చరంగు వేసిన ఇళ్లలో చాలావాటికి ఆ రంగు పోయింది.

అందుకే మన సర్వేలో ఒక ప్రశ్న చేర్పించాను: "అంగన్‌వాడీకి ఏ దారిన వెళ్తారు, ఎప్పుడు వెళ్లలేరు?" మామూలుగా నాలాంటివాళ్లని సర్వే అంతా అయిపోయాక పిలుస్తారు, పెళ్లయ్యాక పందిరి వేసినట్టు. ప్రశ్నలు రాసేటప్పుడే పిలిచారు మీరు. అది మంచిదైంది.

ఇప్పుడు ఆ సిగ్గు మాటకి వస్తాను. ఇది నా తప్పు. ఏ ఊరో చెప్పను.

పిల్లల బరువుల సర్వే అయ్యాక, ఊరివాళ్లకే ఫలితాలు చూపించాలని సభ పెట్టించాను. మంచి ఉద్దేశమే. గోడ మీద తెర కట్టి మ్యాపు వేశాం. బాగా బక్కగా ఉన్న పిల్లలున్న ఇళ్లకి ఎర్రచుక్క. పేర్లు వెయ్యలేదు, కాబట్టి ఇబ్బంది లేదనుకున్నాను. సొంత ఊళ్లో చుక్క చూస్తే ఇల్లు తెలియనివాళ్లుంటారా? గుడి పక్క సందులో మూడో చుక్క అంటే ఎవరో అందరికీ తెలుసు. అందరూ ఒకావిడ వైపు తిరిగారు. వెనక నుంచి ఎవరో "పిల్లకి తిండి పెట్టదా ఏం?" అన్నారు. ఆమె పిల్లని చంకనేసుకుని వెళ్లిపోయింది. రెండు నెలల తర్వాత మళ్లీ బరువు చూడ్డానికి వెళ్తే తలుపు తియ్యలేదు. లోపల పిల్ల ఏడుపు వినిపిస్తూనే ఉంది. అన్ని ఇళ్లలోకీ మేం ముందుగా వెళ్లాల్సిన ఇల్లు అది. దాని తలుపు నా చేత్తో నేనే మూయించాను.

పెద్ద సర్వేలవాళ్లు దీనికి ఏం చేస్తారో ఆ తర్వాత శ్రద్ధగా చదివాను. డి.హెచ్.ఎస్. అని చాలా దేశాల్లో జరిగే కుటుంబ సర్వేలు ఉన్నాయి. వాళ్లు ఒక్కో ఇంటి స్థలం బయటికివ్వరు. ఇరవై పాతిక ఇళ్ల గుంపుకి కలిపి ఒకే చుక్క ఇస్తారు. ఆ చుక్కని కూడా కావాలనే పక్కకి జరుపుతారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో 5 కిలోమీటర్ల దాకా. పల్లెల్లో నూటికి ఒక చుక్కని 10 కిలోమీటర్ల దాకా జరుపుతారు. ఏది ఎంత జరిపారో బయటివాళ్లకి తెలీదు.

మన పనికి అయిదు కిలోమీటర్లు జరిపితే చుక్క పక్క ఊళ్లో పడుతుంది, ఉపయోగం లేదు. కాబట్టి మనం ఇంకోలా చేద్దాం. గోడమీద పెట్టే మ్యాపులో ఇళ్లు ఉండవు. వాడ, గూడెం, కాలనీ అనే లెక్కన రంగు ఉంటుంది, అంతే. నలుగురైదుగురు పిల్లలే ఉన్న చిన్న గూడేన్ని పక్కదానితో కలిపి చూపిస్తాం, లేదంటే అదీ చుక్కతో సమానమే. ఇంటి స్థలం ఒక ఫైల్లో, పిల్ల పేరు, బరువు ఇంకో ఫైల్లో ఉంటాయి. రెంటినీ కలిపి చూసే తాళం మీ ఆరోగ్య ఉపసంఘం దగ్గర ఉంటుంది, నా దగ్గర కాదు. ఎవరికైనా పైకి లెక్క పంపాల్సొస్తే, ఫోన్లో వచ్చే అక్షాంశ రేఖాంశాల్లో చుక్క తర్వాత అంకెలు కోసేసి పంపుతాం. అయిదు అంకెలుంటే మీటరు దాకా చెప్పేస్తుంది, అంటే ఏ గడపో తెలిసిపోతుంది. రెండే ఉంచితే కిలోమీటరు అటూ ఇటూ. ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను: ఇళ్ల చుక్కలున్న తెరని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. సీసీ గారు అడిగినా సరే, నేనడిగినా సరే.

గడప తొక్కగానే ఫోను తియ్యకండి. ఎందుకొచ్చామో, స్థలం ఎందుకు తీసుకుంటున్నామో, ఎవరు చూస్తారో చెప్పండి. పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అంటోంది. చట్టం లేకపోయినా అడగడం మర్యాద. వద్దంటే జీపీఎస్ గడి ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ గడి ఉంటే నేనేం అనను. బరువు మాత్రం చూస్తామని బతిమాలండి.

ఇంకొకటి. ఆరు నెలలు దాటిన పిల్ల జబ్బకి టేపు కట్టినప్పుడు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువొచ్చి ఎరుపులో పడితే, మ్యాపు తయారయ్యేదాకా ఆగకండి. ఆ రోజే ఏఎన్‌ఎమ్‌కి చెప్పండి, తల్లితో పాటు మీలో ఒకరు ఆసుపత్రికి వెళ్లండి. మ్యాపు వచ్చే ఏడాది ఏం చెయ్యాలో చెప్పడానికి. ఆ పిల్లకి వచ్చే ఏడాది దాకా టైము లేదు.

నాకిచ్చిన సమయం దాటిపోయింది, వంటలు అయ్యాయని అక్కడినుంచి సైగ చేస్తున్నారు. భోజనాలయ్యాక యానిమేటర్లు, ఆరోగ్య ఉపసంఘం వాళ్లు బడి వెనక మైదానంలోకి రండి. ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోండి. ముందు చెట్టు కింద నిలబడి ఒకసారి, తర్వాత ఎండలోకి వచ్చి ఒకసారి జీపీఎస్ తీసి, రెంటికీ తేడా ఎంతో మీ కళ్లతో చూద్దాం. కొంచెం ముగ్గుపిండి కూడా తెప్పించాను.