దేవుని సమయము – మన ఓర్పు



మనము ప్రార్థించిన వెంటనే జవాబు కోరుదుము. కుమారుని ఉద్యోగమైనను, కుమార్తె వివాహమైనను, మంచము పట్టిన రోగి స్వస్థతయైనను ఆలస్యమైనచో దేవుడు మనలను మరచెనని కలవరపడుదుము. పిలుపునొందిన నాడు అబ్రాహామునకు 75 ఏండ్లు. ఇస్సాకు పుట్టిన నాడు 100. ఆ నడుమ తొందరపడి హాగరు ద్వారా సంతానము కోరినందున ఆ ఇంట కన్నీరే మిగిలెను.

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇట్టి పాఠమున్నది. 1912లో దోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠింపబడిన అజరయ్యగారు 1919లో తరంగంబాడిలో ఇతర సంఘ నాయకులతో కూడి సంఘముల ఐక్యతకై పిలుపునిచ్చిరి. సంప్రదింపులు ఏండ్ల తరబడి సాగినవి. ఆయన 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. నెబో కొండమీది మోషేవలె ఆయన దానిని దూరమునుండియే చూచిరి.

అయినను ఆ ఏండ్లన్నియు ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గ్రామసంఘములను దర్శించి బలపరచిరి. దోర్నకల్‌లో ఆయన కట్టించిన దేవాలయమునకు 1939లో ప్రతిష్ఠ జరిగినది. ఓర్పు సోమరితనము కాదు. దున్ని విత్తిన రైతే వాన కొరకు కనిపెట్టును. బీడు పెట్టినవానికి వాన వచ్చినను ఫలమేమి?

మనము అడిగినది మన కన్నులతోనే చూతుమన్న నిశ్చయము లేదు. చూడకపోయినను పని విడువకుండుటయే విశ్వాసము. సమయము ప్రభువుది, సేద్యము మనది. మన అధ్యక్ష మండలమును నూరేండ్లు నడిపించిన దేవుడు మనకట్టి ఓర్పు దయచేయును గాక. ఆమేన్.