అడ్వాన్సు దగ్గరే మొదలయ్యే నేరం: ఎస్.ఆర్. శంకరన్ స్మారకోపన్యాసం

పశ్చిమ ఒడిశాలో నువాఖాయి పండుగ అయిపోగానే కూలీలను కుదిర్చే సర్దార్లు ఊళ్లలో దిగుతారు. బలంగీర్, నువాపడా జిల్లాల్లో సేద్యమంతా వాన మీదే. పండుగ ఖర్చు, పెళ్లి బాకీ, ఆసుపత్రి అప్పు గుమ్మంలో నిలబడి ఉన్న సమయం చూసి సర్దార్ నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. అడ్వాన్సు ఒక్క మనిషికి ఇవ్వడు, ‘పథురియా’ లెక్కన ఇస్తాడు. పథురియా అంటే మొగుడు, పెళ్లాం, వాళ్ల వెంట ఒకరిద్దరు పిల్లలు. కాంటాబంజి స్టేషన్‌లో రైలెక్కిన ఆ కుటుంబం సంక్రాంతి నాటికి హైదరాబాద్ చుట్టుపక్కల ఏదో ఒక ఇటుక బట్టీలో మట్టి తొక్కుతూ ఉంటుంది.

అక్కడ పని తెల్లవారక ముందే మొదలవుతుంది. మగవాడు మట్టి కలిపి ముద్దలు అందిస్తాడు, ఆడమనిషి అచ్చులో పోసి ఇటుక దించుతుంది. పచ్చి ఇటుకల వరసల మీద నడుస్తూ వాటిని తిరగేయడం పిల్లల వంతు. పిల్లల బరువు తక్కువ కాబట్టి పచ్చి ఇటుక కాలి కింద నలగదని యజమానులకు తెలుసు. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. వారానికోసారి ఇచ్చే ఖర్చీ నూకలకూ నూనెకూ సరిపోతే గొప్ప. అసలు లెక్క జూన్‌లో, ఇంటికి బయలుదేరే ముందు తేలుతుంది. అడ్వాన్సు తీసేస్తారు, వానకు కరిగిన ఇటుకలు తీసేస్తారు. ఆ లెక్క రాసిన పుస్తకం యజమాని దగ్గరే ఉంటుంది.

2017 జనవరిలో యాదాద్రి జిల్లాలోని ఒక బట్టీ నుంచి పోలీసులు దాదాపు 200 మంది పిల్లలను బయటికి తెచ్చారు. ఎక్కువమంది 14 ఏళ్ల లోపువాళ్లే. పత్రికలు వాళ్లను బాలకార్మికులన్నాయి. అందులో తప్పు లేదు గానీ, ఆ మాట దగ్గర ఆగిపోతే పిల్లలు విడిగా వచ్చినట్టుంటుంది. వాళ్లు తల్లిదండ్రుల అడ్వాన్సులో కలిసి వచ్చారు.

ఈ అప్పు కట్టును దగ్గరగా చూసినవారు ఎస్.ఆర్. శంకరన్ (1934–2010). ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ శాఖలో పనిచేసిన కాలంలో తెలంగాణలో జీతగాడు, కోస్తాలో పాలేరు ఉన్న ఊళ్లలో తిరిగారు. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి మరుసటి ఏడాది చట్టమైన వెట్టిచాకిరీ నిర్మూలన శాసనాన్ని ఫైలులో ఉంచకుండా, మీ అప్పు రద్దయిందని కూలీలకు చెప్పించిన అధికారి ఆయన. పద్మభూషణ్ వద్దన్న మనిషిగా ఆయనను లోకం గుర్తుపెట్టుకుంది. గుర్తుపెట్టుకోవలసింది ఆ చట్టంతో ఆయన చేయించిన పని.

ఆ చట్టంలో బలమైన మాట ఒకటుంది: అది వెట్టి అప్పు కాదని నిరూపించుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే. బలహీనమైన మాటా ఉంది: శిక్ష గరిష్ఠంగా మూడేళ్లు, జరిమానా 2000 రూపాయలు. యాభై ఏళ్లుగా ఆ అంకె మారలేదు. ఒక పథురియా అడ్వాన్సు మీద వడ్డీకైనా అది చాలదు.

ఇక ఎస్సై రాసే ఎఫ్‌ఐఆర్ చూడాలి. ఒకే బట్టీ, ఒకే కుటుంబం. భారతీయ న్యాయ సంహిత 146వ సెక్షన్, అంటే బలవంతపు పని, రాస్తే శిక్ష ఏడాది దాటదు. 143, అంటే మనుషుల అక్రమ రవాణా, రాస్తే ఏడేళ్లకు తగ్గదు. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే పదేళ్ల నుంచి యావజ్జీవం దాకా వెళ్తుంది. ఎక్కువ సందర్భాల్లో మెతక సెక్షన్ల వైపే కలం మొగ్గడానికి సాకు చట్టంలోనే దొరుకుతుంది. 143కు మూలమైన పాత సెక్షన్‌ను తెచ్చిన 2013 ఫిబ్రవరి ఆర్డినెన్సులో దోపిడీ నిర్వచనం కింద బలవంతపు చాకిరీ అన్న మాట స్పష్టంగా ఉండేది. ఏప్రిల్‌లో దాని స్థానంలో పార్లమెంటు చట్టం వచ్చేటప్పటికి ఆ మాట జారిపోయింది. కొత్త సంహిత భిక్షాటనను చేర్చింది, దీన్ని మాత్రం తిరిగి చేర్చలేదు. బానిసత్వం లాంటి పద్ధతులు అన్న మాటలోకి బట్టీ వస్తుందా రాదా అని వాదించుకోవలసిన పని ప్రాసిక్యూటర్ మీద పడింది.

వాళ్లు ఇష్టపడే వచ్చారు అన్నది యజమాని మొదటి మాట. 143 దాన్ని ముందే కొట్టేసింది: డబ్బు ఆశ చూపి రప్పించినా నేరమే, బాధితుడి సమ్మతి లెక్కలోకి రాదు. నేను సర్దార్‌కిచ్చాను, అతను ఎవర్ని తెచ్చాడో నాకేం తెలుసు అన్నది రెండో మాట. దానికీ జవాబుంది: మనుషులను చేర్చుకున్నవాడూ, ఆశ్రయమిచ్చినవాడూ నేరస్థులే. సర్దార్ కూడా చాలాసార్లు నిన్నటి బట్టీ కూలీయే. కేసు అతని దగ్గర ఆగిపోవడం యజమానికి కలిసొచ్చే సంగతి.

2013 డిసెంబరులో కలహండికి చెందిన ఇద్దరు కూలీల కుడిచేతులు నరికేశారు. తీసుకున్న అడ్వాన్సుకు ఒప్పుకున్న చోటికి కాకుండా వేరే చోటికి తీసుకెళ్తుంటే వాళ్లు ఎదురుతిరగడమే కారణం. సుప్రీంకోర్టు తనంత తానుగా విచారణకు తీసుకున్న ఘటన అది. నేరం జరిగింది దారిలోనే, బట్టీకి చేరకముందే. బట్టీ గేటు దగ్గర మొదలయ్యే తనిఖీ ఏ ఒక్కటీ వాళ్లకు అందేది కాదు.

రాష్ట్రాలకు ఇందులో అధికారం లేదనడం కుదరదు. కార్మిక వ్యవహారాలూ, నేర చట్టాలూ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఈ నేలకు సొంత చట్టాలు కొత్త కూడా కాదు. నిజాం రాజ్యంలో అప్పు తీరేదాకా చాకిరీ చేయించే భాగేలా ఒప్పందాల మీద 1936లోనే నిబంధనలొచ్చాయి. మన్యం ప్రాంతాల్లో అప్పు చాకిరీ రద్దుకు మద్రాసు ప్రభుత్వం 1940లో నిబంధనలు తెచ్చింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు 143కు బలవంతపు చాకిరీ అన్న మాట చేర్చి, 254(2) అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదానికి పంపవచ్చు. 2019 డిసెంబరులో ఆంధ్ర శాసనసభ ఆమోదించిన, మహిళలపై నేరాలకు సంబంధించిన దిశ బిల్లు ఆ ఆమోదం దొరకకే నిలిచిపోయిందన్నది నిజమే. అందుకే సవరణ కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా ఒక జీవోతో అయ్యే పనులు ముందు చేయాలి.

మొదటిది విముక్తి పత్రం. కూలీ వెట్టి నుంచి విడుదలైనట్టు ఆర్డీవో సంతకం చేసిన ఆ కాగితం లేకపోతే కేంద్ర పునరావాస పథకంలో 30,000 రూపాయల తక్షణ సాయం కూడా రాదు. పెద్ద మొత్తం, అంటే మగవారికి లక్ష, ఆడవారికీ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు, శిక్ష పడటంతో ముడిపడి ఉంది. కోర్టు కేసు ఏళ్ల తరబడి సాగితే బలంగీర్‌లోని ఇల్లు మళ్లీ సర్దార్ అడ్వాన్సుతోనే నడుస్తుంది. విడిపించి పునరావాసం ఇవ్వకపోవడం అర్థం లేని పని అని నీరజా చౌదరి కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. శిక్షతో సంబంధం లేకుండా ఆ డబ్బును రాష్ట్ర నిధి నుంచి ముందే ఇచ్చి, తరవాత కేంద్రం నుంచి రాబట్టుకోవడానికి ఏ సవరణా అక్కర్లేదు.

రెండోది సర్దార్ల నమోదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురిని తెచ్చే కాంట్రాక్టరుకే లైసెన్సు అడిగేది, కూలీ చేతికి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వమనేది. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్ పదిమంది నుంచి వర్తిస్తుంది. రెండు మూడు పథురియాల చిన్న బట్టీలు ఆ గీత కింద జారిపోతాయి. ముందు ఒక జీవోతో సర్దార్ల నమోదు మొదలుపెట్టి, ఆ లోటును తరవాత రాష్ట్రం తన చట్టంతో పూడ్చాలి.

మూడోది సాక్ష్యం. కాంటాబంజి నుంచి సాక్షి మళ్లీ మళ్లీ భువనగిరి కోర్టుకు రాలేడు. భారతీయ నాగరిక సురక్షా సంహిత వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవడాన్ని అనుమతిస్తోంది. బలంగీర్ కోర్టులోనే ఒక గది చూపిస్తే చాలు.

ఇదంతా బయటివాళ్ల కోసమే అనుకోనక్కర్లేదు. పాలమూరు లేబర్‌ను గుంపు మేస్త్రీలు దేశంలోని డ్యాముల మీదికి తోలుకెళ్లింది ఇదే అడ్వాన్సుతో. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా సైబర్ ముఠాల వ్యవహారంలో చిక్కుకున్నది ఉద్యోగమని నమ్మి వెళ్లిన తెలుగు కుర్రాళ్లే.

వచ్చే నువాఖాయికి సర్దార్లు ఊళ్లలో దిగకముందే ఈ జీవోలు వెలువడాలి. రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక, హోం శాఖలు ఒడిశా అధికారులతో కలిసి కూర్చుని ఆ పని పూర్తి చేయాలి. ఇది చదివినవారు తమ ఎమ్మెల్యేను ఈ ఒక్క ప్రశ్న అడగాలి: మన జిల్లాలో నిరుడు ఆర్డీవో ఎన్ని విముక్తి పత్రాలు ఇచ్చారు?