పగులు కనిపించిన చోటే పాడైందనుకోవద్దు

ఈరోజు నేను చేసిన ఒక తప్పు గురించి మాట్లాడుకుందాం. నేను శాన్‌ఫ్రాన్సిస్కో బే పక్కన ఉంటాను. వేసవిలో సాయంత్రమైతే ఫాస్టర్ సిటీ దగ్గర గాలి బాగా లేస్తుంది, బోర్డు పట్టుకుని వెళ్లిపోతాను.

విండ్‌సర్ఫ్ ఫాయిల్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. తెరచాప ఉన్న బోర్డు కింద ఒక నిలువు మాస్ట్, దాని చివర నీళ్లలో విమానం రెక్కలాంటిది ఉంటాయి. వేగం అందుకోగానే బోర్డు నీళ్ల మీద నుంచి పైకి లేస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో విండ్‌సర్ఫింగ్ పోటీలు ఇలాంటి బోర్డులతోనే మార్సెయ్‌లో జరిగాయి. ఆ మాస్ట్ బోర్డులోకి దిగి కూర్చునే గూడే ఫాయిల్ బాక్స్.

నాది సెకండ్ హ్యాండ్ బోర్డు. మామూలు ఫిన్ కోసం చేసిన డీప్ టటిల్ బాక్స్ ఉంది. ఫాయిల్ తల అందులో చక్కగా పట్టింది. పట్టింది కదా, పనికొస్తుందిలే అనుకున్నా. అదే మొదటి తప్పు.

కొన్నాళ్లకి బాక్స్ చుట్టూ వెంట్రుకంత పగులు వచ్చింది. గీకి, రెజిన్ పూసి, పెయింట్ వేశా. కొత్తదానిలా మెరిసింది. ఆఫీసులో మా జూనియర్ ఒకడు, "అన్నా, అమ్మేటట్టయితే నాకే ఇవ్వు" అన్నాడు. సరే అన్నా. పగులు సంగతి మాత్రం చెప్పలేదు. ఇచ్చేముందు చివరిసారి ఒక రౌండ్ వేద్దామని నీళ్లలోకి దిగా.

ఒడ్డుకి బాగా దూరంగా ఉన్నప్పుడు కింద టప్‌మని శబ్దం. మాస్ట్ వదులైన పన్నులా ఊగుతోంది. ఆటు సమయం, కరెంట్ పక్కకి లాగేస్తోంది. తెరచాప విప్పి, చుట్టి, బోర్డు మీద పెట్టుకుని, బోర్లా పడుకుని చేతులతో తెడ్డు వేసుకుంటూ వచ్చా. దారంతా ఒకటే ఆలోచన. ఇప్పుడు దీని మీద వాడు ఉండుంటే?

తర్వాత కూర్చుని లెక్క వేశా. మాస్ట్ 90 సెంటీమీటర్లు. బాక్స్‌లోకి దిగేది దాదాపు 7. అంటే కింద రెక్క దగ్గర పక్కకి పడే ప్రతి కిలో బలం, బాక్స్ గోడల మీద ఇంచుమించు 13 కిలోలు అవుతుంది. గునపంతో బండరాయిని లేపినట్టే. నా పాత బాక్స్ చుట్టూ ఉన్నది థర్మకోల్ లాంటి మెత్తటి ఫోమ్. బాక్స్ లోపల ఊగి ఊగి ఆ ఫోమ్‌ని నలిపేసింది. పైన పగులు దాని లక్షణం మాత్రమే. బగ్ సరిచేయకుండా ఎర్రర్ మెసేజ్‌ని దాచేశానన్నమాట.

ఈసారి పని మొదటినుంచీ చేశా. ముందు ఆరబెట్టడం. రోజూ బోర్డుని కాటా మీద పెట్టి, బరువు తగ్గడం ఆగేదాకా ముట్టుకోలేదు. తర్వాత రూటర్‌తో పాత బాక్స్, నలిగిన ఫోమ్ మొత్తం తీసేశా. ఫాయిల్ భారం తట్టుకునేలా చేసిన కొత్త బాక్స్ తెచ్చా. దాని చుట్టూ గట్టి పీవీసీ ఫోమ్ పెట్టా, అడుగు నుంచి డెక్ దాకా. అప్‌గ్రేడ్ అంటే అసలు ఇదే. బలం మెత్తటి ఫోమ్‌లో ఆగిపోకుండా డెక్‌కి చేరాలి.

అతికించేముందు ఫాయిల్ బిగించి చూశా. బోర్డు ముక్కు నుంచి రెండు రెక్కల కొసలకీ దూరం సమానంగా ఉండాలి. మాస్ట్ కొస నుంచి రెండు అంచులకీ అంతే. ఇక్కడ వంకర వస్తే జీవితాంతం వంకరే.

జిగురుకి ఎపాక్సీనే వాడండి. పాలిస్టర్ రెజిన్ థర్మకోల్‌ని తినేస్తుంది. ఎపాక్సీ కూడా ఒకేసారి మందంగా పోయకండి. గట్టిపడేటప్పుడు వేడెక్కి లోపలి ఫోమ్‌ని కరిగించేస్తుంది. సిలికా పొడి కలిపి, కొంచెం కొంచెంగా వేశా. పైనా కిందా కార్బన్ గుడ్డ పొరలు, ఒక్కో పొర ముందుదానికంటే కాస్త వెడల్పుగా. గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. డబ్బా మీద ఎన్ని రోజులు ఆగమంటే అన్ని రోజులూ ఆగండి.

ఒక మాట గుర్తుంచుకోండి. ఫాయిల్ తల బాక్స్ గోడలకి ఆనుకుని బిగుతుగా కూర్చోవాలి. బోల్టులు దాన్ని జారకుండా పట్టుకోవడానికే. ఊగుతున్న తలని బోల్టులతో లాగి బిగిస్తే మళ్లీ అదే కథ. బోల్టులకి గ్రీజు రాసి, ప్రతిసారీ ఫాయిల్ విప్పేయండి. ఉప్పునీరు, కార్బన్, స్టీల్ కలిస్తే తుప్పు, ఆ తర్వాత విప్పడం నరకం.

మొదటి రోజులన్నీ ఒడ్డు పక్కనే తిరిగా. వచ్చాక ప్రతిసారీ బాక్స్ చుట్టూ వేలు పెట్టి తడిమి చూశా. ఇప్పటిదాకా కొత్త పగులు లేదు.

మా జూనియర్‌కి అంతా చెప్పేశా, పెయింట్ సంగతితో సహా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఫోటోలు ఉన్నాయా అన్నా?" అన్నాడు. లోపల ఏం చేశానో ప్రతి దశ ఫోటో పంపించా. ఇంకా ఆలోచించుకుంటున్నాడు. ఆలోచించుకోవాలి కూడా.

మీ బోర్డుకి వెంట్రుకంత పగులు ఉంటే ఈ వారం నీళ్లలోకి దిగకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.