ఇంట్లో ఏముంది? ఖాళీ సీసాతో దీపం

(శ్రీకాళహస్తిలో జరిగిన మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఈ బల్ల మీద వెలుగుతున్న మూడు దీపాలను మీరు లోపలికి వస్తూనే చూసి ఉంటారు. ఒకటి తేనె సీసా. ఒకటి టమోటా సాస్ సీసా. మూడోది ఏ సీసానో కాసేపాగి చెబుతాను. మూడింటినీ చేసింది మన వీధుల్లోని ఆడవాళ్ళే. ఇవి ఎలా తయారవుతాయో, వీటికి మీ సహాయం ఎందుకు కావాలో చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు.

ముందుగా మీకు తెలిసిన ఒక హదీసు గుర్తుచేస్తాను. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించినది, అబూ దావూద్ సంకలనంలో ఉంది. ఒక అన్సారీ సహాయం అడగడానికి దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చాడు. నీ ఇంట్లో ఏమీ లేదా అని ఆయన మొదట అడిగారు. ఒక ముతక దుప్పటి, నీళ్ళు తాగే గిన్నె ఉన్నాయని అతను చెప్పాడు. వాటిని తెప్పించి, అక్కడున్నవారి మధ్యే వేలం వేసి రెండు దిర్హములకు అమ్మారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి తీసుకెళ్ళమన్నారు, రెండోదానితో గొడ్డలి కొని తెమ్మన్నారు. దానికి స్వయంగా తన చేతులతో పిడి బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమనీ, పదిహేను రోజుల వరకు తన కంటబడవద్దనీ చెప్పారు. అతను పది దిర్హములు సంపాదించుకుని తిరిగి వచ్చాడు.

ఇందులో నాలుగు పనులున్నాయి. ఇంట్లో ఉన్నదేమిటో అడగడం, పనిముట్టు చేతికివ్వడం, కొనేవాళ్ళను చూపించడం, గడువు పెట్టడం. నా మాటలు కూడా ఈ నాలుగింటి మీదే.

ఇంట్లో ఉన్నది: సాస్, తేనె, జామ్, షర్బత్, రోజ్ వాటర్. వీటి ఖాళీ సీసాలు ఏ ఇంటి అటక మీద చూసినా నాలుగైదు దొరుకుతాయి. గాజు మట్టిలో కలిసిపోదు. చెత్తలో పడేస్తే పగిలి మున్సిపాలిటీ కార్మికుల చేతులు కోస్తుంది. స్వర్ణముఖి ఇసుకలో పడితే అక్కడ ఆడుకునే పిల్లల కాళ్ళలో దిగుతుంది. పాత సామాన్ల వాడు కూడా కంపెనీలు మళ్ళీ తీసుకునే సీసాలకే ధర కడతాడు, మిగతావి తూకానికే పోతాయి.

దీపానికి మొదటి మెట్టు శుభ్రం చేయడం. గోరువెచ్చని నీళ్ళలో చాకలి సోడా కలిపి సీసాను రాత్రంతా నానబెడితే కాగితం ఊడివస్తుంది. మిగిలిన జిగురు మీద కాస్త నూనె రాసి రుద్దితే పోతుంది. లోపల చెయ్యి పట్టదు కాబట్టి గుప్పెడు బియ్యం, సబ్బు నీళ్ళు పోసి గట్టిగా కదిలించాలి. తర్వాత ఒక పగలంతా తలకిందులుగా ఆరబెట్టాలి. తడి మిగిలితే మూత పెట్టాక లోపల ఆవిరి పట్టి గాజు మసకబారుతుంది. తొందరపడి నేను చేసిన మొదటి దీపం అలాగే మసకబారింది.

తేలికైన పద్ధతిలో సీసాను కోయనక్కరలేదు. సన్నని రాగి తీగకు చిన్న చిన్న ఎల్‌ఈడీలు అతికించిన దీపాల తీగ ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. బిరడా ఆకారంలో ఉన్న మూతలోనే బిళ్ళ బ్యాటరీలు, స్విచ్చి ఉంటాయి. తీగను మెల్లగా లోపలికి వదిలి బిరడా బిగిస్తే దీపం తయారు. ఒక్క హెచ్చరిక: ఆ బిళ్ళ బ్యాటరీని పసిబిడ్డ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంటికి ఇవ్వడానికి బ్యాటరీ మూత స్క్రూతో బిగించేదే ఎంచుకోవాలి. మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తాలి.

రెండో పద్ధతిలో సీసా వెనుక, అడుగున రంధ్రం వేసి, ఫోన్ ఛార్జర్‌తో వెలిగే 5 వోల్టుల తీగను దూరుస్తాం. ఇంటి కరెంటు 230 వోల్టుల సీరియల్ బల్బులు వద్దు. గాజు అంచుకు తీగ పైతొడుగు కోసుకుపోతే షాక్ కొడుతుంది. 5 వోల్టుల తీగకైనా రంధ్రంలో రబ్బరు వాషర్ పెట్టాలి.

పనిముట్టు: ఈ రంధ్రానికే పనిముట్టు కావాలి. వజ్రపు పొడి పూసిన బిట్టు, బ్యాటరీతో నడిచే డ్రిల్లు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు. రంధ్రం వేసేచోట టేపు అతికించి, చుట్టూ బంకమట్టితో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్ళు నింపి, డ్రిల్లును నెమ్మదిగా తిప్పాలి. నీళ్ళు గాజును చల్లబరుస్తాయి, గాజు పొడి గాలిలోకి లేవనివ్వవు. నీళ్ళతో పని కాబట్టే ప్లగ్గుకు తగిలించే డ్రిల్లు వద్దంటున్నాను. కిరసనాయిలు దారం చుట్టి నిప్పంటించి సీసాను కోసే పద్ధతిని నేనూ ఒకసారి ప్రయత్నించాను. సీసా పగిలింది, వేలు తెగింది. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని చేయించకూడదని ఆరోజే తీర్మానించుకున్నాను.

ఇక మూడో దీపం సంగతి. అది బ్రాందీ సీసా.

మీలో కొందరు ముఖం చిట్లించారు. మా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒక చెల్లెలు కూడా అలాగే చేసింది. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో పుట్టింట్లో ఉంటోంది. మొదటి రోజు సీసాలు పంచితే ఒకటి పక్కకు నెట్టేసింది. "నమాజు చదివే ఇంట్లో ఇది ఎట్లా పెట్టుకునేది ఆపా? దీన్ని సంచిలో వేసుకుని వీధిలో పోతుంటే చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అంది. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

పెద్దలను అడిగాను. హజ్రత్ అబూ సఅలబా ఖుషనీ (రజి) ఇలాంటి ప్రశ్నే దైవప్రవక్త (స)ను అడిగారని చెప్పారు. పంది మాంసం వండి, మద్యం తాగేవారి పాత్రల గురించి అడిగితే, వేరేవి దొరకనప్పుడు వాటిని బాగా కడిగి వాడుకోమన్నారట. మనం ఇందులో తినడం లేదు, తాగడం లేదు. అయినా ఆమె ప్రశ్నలో రెండో సగం మిగిలే ఉంది. వీధిలో పడే మాటకు ఫత్వా మందు కాదు. అందుకని రెండు నియమాలు పెట్టుకున్నాం. మనసు ఒప్పని వారికి ఆ సీసా ఇవ్వం, సాస్, తేనె సీసాలే ఇస్తాం. ఒప్పుకున్నవారికి కూడా కడిగి, కాగితం తీసేసి, వాసన లేకుండా మేమే అందిస్తాం. ఏ ఆడమనిషీ దుకాణాల వెనుక సీసాలు ఏరుకునే పని లేకుండా చేస్తాం. ఈ మూడో దీపం చేసింది వేరొక అక్క. పక్కకు నెట్టిన చెల్లెలు చేసింది తేనె సీసా దీపం. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని పని చేస్తున్నారు.

గాజులో దీపం మనకు కొత్తది కాదు. సూరె నూర్ 35వ ఆయత్‌లో గూడు, దీపం, దాన్ని ఉంచిన గాజు మూడింటి ప్రస్తావనా ఉంది. 14వ శతాబ్దంలో మమ్లూక్ సుల్తానుల కాలపు కైరో మసీదుల్లో గొలుసులతో వేలాడదీసిన గాజు దీపాల మీద ఈ ఆయత్‌నే రంగులతో రాయించేవారు. అలాంటివి ఈనాటికీ కైరోలోని ఇస్లామిక్ కళల మ్యూజియంలో ఉన్నాయి. మన దీపాల మీద మాత్రం ఆయత్‌లు రాయడం లేదు. ఎవరి ఇంట్లో ఏ మూల పెడతారో తెలియదు కదా.

కొనేవాళ్ళు: మనది యాత్రికుల ఊరు. వాయులింగం ముందు రెపరెపలాడే దీపాన్ని చూడాలని, రాహుకేతు పూజ చేయించుకోవాలని రోజూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మహాశివరాత్రికి, కార్తీకానికి ఊరు నిండిపోతుంది. వెళ్ళేటప్పుడు ఈ ఊరిదని చెప్పుకోగల వస్తువొకటి తీసుకెళ్ళాలనుకుంటారు. ఆ వస్తువు మనకుంది, కలంకారీ.

కలం, కారీ రెండూ పారసీ మాటలే. 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టడంతో ఈ కళ మళ్ళీ ఊపిరి పోసుకుంది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి పద్మశ్రీ వచ్చింది. కరక్కాయ, పాలు పట్టించిన నూలు గుడ్డ మీద వెదురు కలంతో గీస్తారు. ఇనుప తుప్పును బెల్లంతో పులియబెట్టి నల్ల రంగు తీస్తారు. ఆ రంగులు గాజుకు పట్టవు, నూలు పోగుకే పడతాయి. అందుకని కుట్టు పనిలో మిగిలిన కలంకారీ ముక్కలు తెచ్చి సీసాకు చుడుతున్నాం. ఎల్‌ఈడీ వేడెక్కదు కాబట్టి గుడ్డకు భయం లేదు. కరక్కాయ పట్టిన గుడ్డలోంచి వచ్చే వెలుగు తేనె రంగులో ఉంటుంది. తీగలు, ఆకులు, పక్షులు ఉన్న ముక్కలనే ఎంచుకుంటున్నాం. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ప్రింటు గుడ్డ చుట్టి చేతిపని అని అమ్మడం మోసం. ప్రింటు గుడ్డ వాడితే ఆ మాట చీటీ మీద రాయాలని అందరికీ చెప్పాం.

లెక్క కూడా దాచకుండా చెబుతాను. ఉదాహరణకు ఒక దీపానికి తీగ, గుడ్డ, జిగురు, అట్టపెట్టె కలిసి 100 రూపాయలు అయ్యాయనుకోండి. 200కు అమ్మితే 100 మిగులుతుంది. నెలకు 20 అమ్ముడైతే 2,000. అందులో పగిలినవి తీసేయాలి. దీంతో సంసారం గడవదు. గ్యాసు బండ, కరెంటు బిల్లు, పిల్ల ట్యూషన్ ఫీజు గడుస్తాయి. ఇంతకంటే ఎక్కువ చెప్పి మీ దగ్గర చందా తీసుకోవడం నాకిష్టం లేదు.

ఇప్పుడు మీ వంతు. జకాత్ సొమ్ము అర్హులైన వారి సొంతం కావాలని మన హనఫీ ఉలమాలు చెబుతారు. కాబట్టి జకాత్ ఇచ్చేవారు ఒక్కొక్క చెల్లెలికి ఒక్కొక్క పెట్టె ఇవ్వండి: దీపాల తీగలు, కత్తెర, జిగురు, కళ్ళద్దాలు, తొడుగులు. అది ఆమెదే. రేపు ఈ పని మానేసి అమ్ముకున్నా మనం అడగడానికి లేదు. అందరూ కలిసి వాడుకునే డ్రిల్లు, బల్లలు, గది అద్దె మాత్రం జకాత్‌తో వద్దు, సదఖా, లిల్లాహ్ సొమ్ముతో ఇవ్వండి. ఏ సొమ్ము దేనికి ఇస్తున్నారో రశీదు మీద రాయించుకోండి.

డబ్బుకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఆ హదీసులో దుప్పటి, గిన్నె కొన్న మనిషి కూడా ఒకడున్నాడు. అతను దానం చేయలేదు, సరుకు కొన్నాడు. మీ ఇంట్లో నికాహ్ ఉంటే, దుకాణం ప్రారంభం ఉంటే, దూరంలో ఉన్న బంధువులకు ఈదీ పంపాలంటే ఈ దీపాలు కొనండి. జాలితో ఎక్కువ ఇవ్వకండి. బాగా లేకపోతే బాగా లేదని చెప్పి వెనక్కి ఇవ్వండి. అప్పుడే రెండోది బాగా చేస్తారు.

చివరిది గడువు. ఆరు నెలలు పెట్టుకున్నాం. ఆరు నెలల తర్వాత ఎవరు ఎన్ని చేశారు, ఎన్ని అమ్మారు, ఎన్ని పగిలాయి, ఎవరు మానేశారు, అన్నీ మీ ముందు చదువుతాం. ఫలితం లేకపోతే ఈ పని ఆపి, వేరే పని నేర్పిస్తాం.

మొన్న ఆ చెల్లెలిని అడిగాను, వచ్చే రంజాన్‌కు రేషన్ కిట్ జాబితాలో నీ పేరు రాయనా అని. ఆమె చేతిలోని సీసాను ఒకసారి దీపానికి అడ్డం పెట్టి, మరక ఉందేమో చూసుకుంది. "ఈసారికి రాయండి ఆపా. ఆ పై సంవత్సరం ఫిత్రా నేనే ఇస్తాను, ఇన్షా అల్లాహ్" అంది.

ఈసారికి రాశాను. ఆ పై సంవత్సరం ఆమె మాట నిలబడేలా అల్లాహ్ మనందరికీ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.