మూసిన కిటికీలు, మారని గాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను 1984 పదో తరగతి బ్యాచి. ఏడో తరగతిలో ఉండగా ఒక వానాకాలం మా గదిలో తట్టు చొరబడింది. జల్లు కొడుతోందని కిటికీలన్నీ మూసుకుని కూర్చునేవాళ్లం. మూడు వారాల్లో బెంచీలు సగం ఖాళీ అయ్యాయి. వాన తెరిపియ్యగానే హెడ్మాస్టరుగారు మమ్మల్ని వేపచెట్టు కిందికి మార్చారు. “గాలి మారాలిరా” అన్నారు. అమ్మవారికి వేపనీడ చల్లన కాబోలు అనుకున్నాం మేము. ఆ మాటలోని ఇంజనీరింగు నాకు కోవిడ్ వచ్చాక గాని బోధపడలేదు.

తట్టు వైరస్, రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గది గాలిలో ఉండగలదు. క్షయ, కోవిడ్ కూడా గాలిలో తేలే సన్నని తుంపరలతో సోకేవే. మూసిన గదిలో అవి పేరుకుంటాయి. మొన్న మనం కట్టించిన డిజిటల్ తరగతి అలాంటి గదే. దానికి ఏసీలు పెట్టిద్దామని పట్టుబట్టింది నేనే. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. యంత్రాలతోనే బతికినవాణ్ణి, ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

ఆ తప్పు దిద్దడానికే ఎయిర్ ప్యూరిఫయర్ల మాట ఎత్తుతున్నాను. అందులో ఉండేది ముఖ్యంగా ఒక ఫ్యాను, ఒక హెపా ఫిల్టరు. 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతం ఆ ఫిల్టరుకు చిక్కుతాయి. అయితే గంటకు ఎంత గాలి దాని గుండా పోతుందన్నదే అసలు లెక్క. మన గది 24 అడుగుల పొడవు, 20 వెడల్పు, 10 ఎత్తు. అంటే 4,800 ఘనపుటడుగులు. గది గాలికి ఐదింతల శుభ్రమైన గాలి గంటగంటకూ అందేలా చూడమని అమెరికా సీడీసీ 2023లో సూచించింది. ఆ లెక్కన మనకు గంటకు 680 ఘనపు మీటర్లు కావాలి. డబ్బా మీద సీఏడీఆర్ అని వేసే అంకె ఇదే. 350 అంకె ఉన్నవి రెండు చాలు, కాని పూర్తి వేగంతో తిరగాలి. ఆ రొదకు పాఠం వినపడక మాస్టారు స్విచ్చి ఆపేస్తారు. అందుకని నాలుగు కొని, సగం వేగంతో తిప్పుదాం.

దీనితో అన్నీ తీరవు. పిల్లలు వదిలే కార్బన్ డయాక్సైడు ఫిల్టరుకు చిక్కదు, దానికి బయటి గాలే కావాలి. పక్కనే కూర్చున్నవాడి దగ్గునూ యంత్రం ఆపలేదు. కనుక మిగతా గదులకు యంత్రాలొద్దు. కిటికీల మీద సన్‌షేడ్లు పొడిగిస్తే వానలోనూ తలుపులు తీసి ఉంచొచ్చు.

చివరగా ఒక్క మనవి. యంత్రం కొనడానికి దాతలు దొరుకుతారు, దాని మీద పేరు ఉంటుంది. రెండేళ్లకు ఫిల్టరు మార్చడానికి ఎవరూ దొరకరు. ఫిల్టర్ల కోసం విడిగా ఒక నిధి పెడదాం. మొదటి చందా నాది. దాని మీద నా పేరు వద్దు.

సెలవు.